గిన్నె మీద కొట్టించిన పేరు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మతో కలిసి వెండి కొట్టుకి వెళ్లాను. ఇంట్లో పాత వెండి ఊరికే పడి ఉంది, అది మార్చేసి మనవరాలికి ఓ మంచి కంచం తీసుకుందామని అమ్మ ఆలోచన. సంచిలో రెండు ఉగ్గుగిన్నెలు, కాడ విరిగిన గంధం గిన్నె, నాయనమ్మ చెంబు. చెంబు అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది. నాయనమ్మ పేరు, ఆవిడ పుట్టింటి ఊరు, పెళ్లయిన సంవత్సరం. కొట్టాయన అన్నీ కాటా మీద పెట్టి, తరుగు పోను ఎంతొస్తుందో చెప్పాడు. "దీని మీద పేరుందండీ" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియకుండా. "పేరున్నా లేకపోయినా తూకం ఒకటేనమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అబద్ధమూ కాదు. చెంబు లోపలికి వెళ్లిపోయింది.

నేనైనా ఆ చెంబుని ఒక్క ఫోటో తీయలేదు. తిరిగి న్యూజెర్సీ వచ్చాక ఈ సంగతి నన్ను పట్టి పీడించడానికి కారణం ఉంది. ఏడెనిమిదేళ్లుగా నేను తీరిక దొరికినప్పుడల్లా యూదుల పాత ఆరాధన వెండి గురించి చదువుతున్నాను, మ్యూజియంలకి వెళ్లి చూస్తున్నాను. మా పక్కింటి పెద్దావిడ ఒక శుక్రవారం రాత్రి భోజనానికి పిలవడంతో మొదలైన ఆసక్తి అది. ఆవిడ గిన్నె సంగతి చివర్లో చెప్తాను. ఇన్నేళ్లు చదివి, తీరా మా ఇంటి చెంబు దగ్గరికి వచ్చేసరికి నేను చేసింది అది. అందుకే ఇన్నాళ్లూ మనసులో నలుగుతున్న ఒక అభిప్రాయాన్ని ఇప్పుడు రాసి చూసుకోవాలనిపించింది. పాత వెండిని కాపాడిన సేకర్తల్ని మనం వాళ్ల అద్దాల బీరువాలు చూసి మెచ్చుకుంటాం. వాళ్లు రాసిపెట్టుకున్న పుస్తకాలు చూసి మెచ్చుకోవాలని నేనంటాను.

ఏ సామాను, ఎందుకు

యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో విగ్రహం ఉండదు. ఉండేది వాళ్ల పవిత్ర గ్రంథం తోరా, తోలు మీద చేత్తో రాసి రెండు కర్రలకి చుట్టిన పెద్ద చుట్ట. అలంకారమంతా దానికే. దానికి పట్టువస్త్రం తొడుగుతారు, పైన కిరీటం పెడతారు, లేదా ఆ రెండు కర్రల కొసలకి రెండు వెండి గుబ్బలు తొడుగుతారు. ఆ గుబ్బల్ని రిమ్మోనీం అంటారు, అంటే దానిమ్మ పళ్లు. వాటికి చిన్న చిన్న గంటలు వేలాడుతుంటాయి. నిర్గమకాండం చదివినవాళ్లకి ప్రధాన యాజకుడి అంగీ అంచున ఉండే దానిమ్మ పళ్లూ గంటలూ వెంటనే గుర్తొస్తాయి. ముందువైపు గొలుసుతో వేలాడే వెండి పలకం తాస్. దానికి తరచూ ఒక చిన్న కిటికీ ఉంటుంది, ఆ చుట్ట ఏ పండగ పాఠానికి సిద్ధం చేసి ఉందో తెలిపే రేకు అందులో దూరుస్తారు. అక్షరాల్ని చేత్తో తాకకూడదు కాబట్టి చదివేవాడు వేలు చూపిస్తున్న చెయ్యి ఆకారంలో ఒక పుల్ల పట్టుకుంటాడు. దాని పేరు యాద్, అంటే చెయ్యి. ఇక ఇళ్లలో, వారపు విశ్రాంతి రోజు మొదలయ్యే శుక్రవారం రాత్రి ద్రాక్షరసం పోసి ప్రార్థన చేసే కిద్దూష్ గిన్నె, సుగంధద్రవ్యాలు దాచే బుడ్డి గోపురం లాంటి డబ్బా, హనుక్కా పండగ దీపం.

వీటిలో ఏదీ వెండితోనే ఉండాలన్న నియమం లేదు. తూర్పు యూరప్ పేద ఊళ్లలో కర్ర యాద్‌లు చాలా ఉండేవి. అయినా చేసే పని అందంగా చేయాలన్న సంప్రదాయం బలమైనది కాబట్టి, స్తోమత ఉన్నవాడు వెండి ఇచ్చాడు. ఇచ్చి దాని మీద పేరు రాయించుకున్నాడు. తన పేరు, తండ్రి పేరు, చాలాసార్లు భార్య పేరు కూడా. సంవత్సరాన్ని హీబ్రూ అక్షరాల్లోనే ఇమిడ్చి చెక్కించేవాళ్లు, ఎందుకంటే ఆ భాషలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంది. మన పెళ్లి గిన్నెల మీద "ఫలానా వారు ఇచ్చినది" అని కొట్టించే అలవాటు తెలిసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చిత్రమేమిటంటే ఆ పేర్లు చెక్కినవాడు చాలాసార్లు వాటిని చదవలేడు. జర్మన్ ఊళ్లలో కంసాలి సంఘాలు యూదుల్ని చేర్చుకునేవి కావు. అందువల్ల ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ లాంటి చోట్ల తోరా వెండి చేసింది ఎక్కువగా క్రైస్తవ పనివాళ్లే. కాగితం మీద రాసిచ్చిన హీబ్రూని చూసి బొమ్మ గీసినట్టు చెక్కేవాళ్లు. అక్షరాలు తప్పిన అసలు సరుకు అలా చాలానే ఉంది.

పది పెట్టెలు

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది డాన్సిగ్ కథ. ఇప్పుడది పోలండ్‌లోని గ్దాన్స్క్. అప్పట్లో ఆ ఊరు పేరుకి స్వతంత్ర నగరం, పాలన నాజీల చేతిలో ఉండేది. ఇక అక్కడ బతకలేమని తేల్చుకున్న యూదులు ఊరు వదిలి వెళ్లడానికి కావలసిన డబ్బు కోసం తమ ఉమ్మడి ఆస్తులు అమ్ముకున్నారు. వాళ్ల పెద్ద సినగాగ్‌ని 1939 మే నెలలో కూల్చడం మొదలుపెట్టారు. ఆరాధన సామానుని మాత్రం వాళ్లు కరిగించలేదు, విడివిడిగా అమ్ముకోలేదు. పది పెట్టెల్లో సర్ది, జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ అనే అమెరికన్ యూదు సహాయ సంస్థ ద్వారా న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీకి ఓడలో పంపారు. బరువు రెండు టన్నుల పైమాటే. ఆ పెట్టెలు జులైలో న్యూయార్క్ చేరాయి. సెప్టెంబర్ 1న రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది సరిగ్గా డాన్సిగ్‌లోనే.

పంపుతూ ఒక షరతు పెట్టారు. పదిహేనేళ్ల తర్వాత డాన్సిగ్‌లో యూదులు మళ్లీ భయం లేకుండా, స్వేచ్ఛగా బతుకుతుంటే సామాను వెనక్కి ఇచ్చెయ్యాలి. లేకపోతే అది అమెరికాలోనే ఉండి లోకానికి పాఠంగా పనికిరావాలి. 1954 వచ్చింది. తీసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ సామాను ఇప్పుడు న్యూయార్క్ జ్యూయిష్ మ్యూజియంలో ఉంది.

ఆ పెట్టెల్లో ఒక సేకర్త సొత్తు కూడా ఉంది. లెస్సర్ గెల్జిన్‌స్కీ డాన్సిగ్‌లో ధాన్యం వ్యాపారి. జీవితమంతా పోగుచేసిన ఆరాధన వస్తువుల్ని 1904లో, తన 75వ పుట్టినరోజు సందర్భంగా, అదే పెద్ద సినగాగ్‌కి ఇచ్చేశాడు, అక్కడే ప్రదర్శనగా ఉండాలని. నేను ఈయన గురించి ఎక్కువ ఆలోచిస్తాను. ఆయన వాటిని వారసులకి పంచి ఉంటే? వేలానికి పెట్టి ఉంటే? ఊరికి ఇచ్చాడు కాబట్టి ఊరు తనతో పాటు వాటినీ లెక్కలో చేర్చుకుంది. పెట్టెలు సర్దినవాళ్లకి ఏది ఎక్కడిదో తెలుసు. ఒక్కో వస్తువూ తన ఊరి పేరుతోనే ఓడ ఎక్కింది.

అంటించిన కాగితం ముక్క

జర్మనీ లోపల జరిగింది వేరు. 1939 ఫిబ్రవరి 21న వచ్చిన ఆజ్ఞ ప్రకారం యూదులు తమ బంగారం, వెండి, రత్నాలు తీసుకెళ్లి ప్రభుత్వ తాకట్టు కొట్లలో అప్పగించాలి. పెళ్లి ఉంగరానికీ, మనిషికి రెండు జతల భోజనం చెంచాలు కత్తులకీ మరికొన్ని చిన్నవాటికీ మాత్రం మినహాయింపు. తూకానికి తీసుకున్నారు, ఇచ్చింది నామమాత్రం. అందులో చాలా భాగం కరిగిపోయింది. శుక్రవారం దీపపు సెమ్మెలూ కిద్దూష్ గిన్నెలూ ఒకే మూసలోకి వెళ్లాయి. వాటి మీద పేర్లున్నాయా లేవా అని ఆ కాటా దగ్గర ఎవరూ అడగలేదు. తెనాలి కొట్టులో మేం ఇష్టపడి వెళ్లి మార్చుకున్నదానికీ దీనికీ పోలికే లేదు, ఆ తేడా చెరపాలని నా ఉద్దేశం కాదు. తూకం ఒక్కటే చూసే కన్ను ఎలా ఉంటుందో నాకు ఇక్కడ తెలిసింది, అంతే.

మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియం అప్పట్లో ఆ ఊరి తాకట్టు కొట్టు నుంచి కొంత వెండి కొనుక్కుంది. అందులో 111 వస్తువులు ఈనాటికీ మిగిలాయి. మథియాస్ వేనిగర్ అనే క్యూరేటర్ వాటిని అసలు కుటుంబాల వారసులకి తిరిగి ఇచ్చే పని నెత్తికెత్తుకున్నాడు. 2023 నాటికి దాదాపు 50 వస్తువులు ఇళ్లకి చేరాయి, చాలావాటిని ఆయనే స్వయంగా తీసుకెళ్లి చేతికిచ్చాడు. ఆయనకి దారి చూపింది వెండి పనితనం కాదు, కంసాలి ముద్ర కాదు. తాకట్టు కొట్టువాళ్లు అంటించిన చిన్న చిన్న కాగితం ముక్కలు, పసుపు రంగుకి తిరిగినవి. వాటి మీది నెంబరు పాత కాగితాల్లో ఒక పేరుకి తీసుకెళ్లేది. దోచుకున్నవాడి చీటీయే ఎనభై ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పింది. ఎవరైనా మంచి మనసుతోనే ఆ గిన్నెని శుభ్రంగా తోమి, ఆ మురికి కాగితం గీకి పారేసి ఉంటే, ఇప్పుడు చేతిలో ఒక అందమైన అనాథ గిన్నె ఉండేది.

ప్రాగ్ మాట కూడా చెప్పాలి. 1942 నుంచి, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియా, మొరావియాల్లోని 150కి పైగా యూదు సంఘాల సామాను ప్రాగ్‌లోని మ్యూజియానికి చేరింది. నాజీల కనుసన్నల్లో దాన్ని నమోదు చేసింది యూదు నిపుణులే. ఒక్కో వస్తువుకి ఒక్కో కార్డు: ఇది ఏమిటి, ఏ ఊరిది, ఎలా ఉంది. ఆ కార్డులు రాసినవాళ్లని ఒక్కొక్కరిగా నాజీ శిబిరాలకి రైలెక్కించారు. వాళ్లలో దాదాపు ఒంటరిగా మిగిలిన హానా వొలవ్‌కోవా యుద్ధం తర్వాత ఆ మ్యూజియాన్ని నడిపింది. నాజీలు "అంతరించిన జాతి మ్యూజియం" పెట్టాలనుకున్నారన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. దానికి ఆధారంగా నిలిచే కాగితం ఏదీ దొరకలేదని చరిత్రకారులు చెప్తారు. ఆ కథ నాకు ఇంకొక కారణం వల్ల కూడా నచ్చదు. అది ఆ పని ఘనతని హంతకుల ఆలోచనకి కట్టబెడుతుంది. తమ రోజు ఎప్పుడొస్తుందో తెలియని మనుషులు కూర్చుని ఎక్కడో పల్లెటూరి యాద్‌కి కార్డు రాశారు. నా లెక్కలో ఈ కథలో గొప్ప సేకర్తలు వాళ్లే.

కానీ పేరు కూడా అబద్ధం ఆడుతుంది

ఇక్కడిదాకా రాసి, నా వాదన బాగానే నిలబడింది అనుకున్నాను. అయితే ఈ వ్యాపారం తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాన్ని కుదిపేస్తుంది. మీరు పేరుకి విలువ కడితే, మోసగాడు చెక్కేది పేరే కదా?

అదే జరుగుతోంది. యూదుల పాత వెండికి ధరలు పెరిగాక మామూలు పాత వెండి గ్లాసు తీసుకుని, దాని మీద కొత్తగా హీబ్రూ అక్షరాలు చెక్కి కిద్దూష్ గిన్నెగా అమ్మడం మొదలైంది. వెండి నిజంగా పాతదే, కంసాలి ముద్ర నిజమే, పేరు మాత్రం నిన్నటిది. అక్షరదోషాలు చూసి పట్టుకుందామంటే, ఇందాక చెప్పినట్టు అసలు వాటిలోనూ తప్పులున్నాయి. ఒరిజినల్ నుంచి అచ్చు తీసి పోతపోసిన హనుక్కా దీపాలూ ఉన్నాయి. సేకర్త ప్రేమ వల్లే ధర పెరిగింది, ధర వల్లే దొంగ సరుకు వచ్చింది. అభిమానంతో కొన్నవాళ్లకి ఈ మాట కష్టంగా ఉంటుంది కానీ తప్పించుకోలేం.

ధర ఇంకో చోటికీ దారి తీస్తుంది. 2021లో బ్రూక్లిన్‌లో వేలానికి వచ్చిన, యూదు సంఘాలకి చెందిన 17 పత్రాల్ని అమెరికా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. తూర్పు యూరప్‌లో తుడిచిపెట్టుకుపోయిన సంఘాలవి. చనిపోయినవాళ్ల పేర్లు రాసుకున్న చుట్టలు, ఊరి సంఘం లెక్కల పుస్తకాలు. నేను ఏ పుస్తకాల్ని మెచ్చుకోవాలంటున్నానో ఆ పుస్తకాలే సరుకైపోయాయి.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకోవాలి. చెక్కిన పేరు ఒక్కటే చాలదు. ఆ వస్తువు ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎంతకి చేరిందో చెప్పే వరస కావాలి. ఆ వరసలో ఖాళీ ఉంటే ఖాళీ అని రాయాలి, ముఖ్యంగా నాజీలు పాలించిన 1933కీ 1945కీ మధ్య ఖాళీ అయితే. ఇది సేకర్తకి ఇబ్బందే. ఆ ఖాళీని ఒప్పుకుంటే ధర తగ్గుతుంది, ఒక్కోసారి వస్తువే పోతుంది. నిజాయితీగా ఆ వరస రాసేవాడు తన చేత్తో తన ఆస్తి తగ్గించుకుంటున్నట్టే. అయినా రాయాలనే నేనంటాను.

అలాగని అందాన్ని బట్టి కొన్న పాత తరం వాళ్లని తక్కువ చేయడం కూడా అన్యాయం. పారిస్‌లో వాద్యబృందం నడిపిన ఐజాక్ స్ట్రాస్ తన సేకరణని 1878 ప్రపంచ ప్రదర్శనలో పెట్టేదాకా, ఈ వస్తువుల్ని కళగా చూడొచ్చన్న ఊహే చాలామందికి లేదు. ఆయన పోయాక రాత్‌షీల్డ్ కుటుంబం దాన్ని కొని ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇచ్చింది, ఇప్పుడు పారిస్ యూదు మ్యూజియంలో చూడొచ్చు. న్యూయార్క్‌లో హ్యారీ ఫ్రీడ్‌మన్ అనే ఫైనాన్స్ మనిషి పాత సామాను కొట్లూ వేలాలూ దశాబ్దాల పాటు తిరిగి, కొన్నది కొన్నట్టు జ్యూయిష్ మ్యూజియానికి ఇచ్చాడు, అవి వేలల్లో ఉన్నాయి. యూరప్ నుంచి తరిమేసినవాళ్ల సామాను ఆ కొట్లలోకి చేరుతున్న రోజులవి. వివరం అడిగి తెలుసుకునేంత తీరిక లేదు, కొనకపోతే కరుగుతుంది. ముందు కొన్నాడు. ఆ స్థానంలో నేనుంటే నేనూ ముందు కొనేదాన్ని.

ఇంకో మాట. యుద్ధం తర్వాత యజమానులు తెలియని వెండి గుట్టలు జర్మనీలో అమెరికన్ సైన్యం చేతికి వచ్చాయి. వాటిని పంచే బాధ్యత 1947లో ఏర్పడ్డ జ్యూయిష్ కల్చరల్ రీకన్‌స్ట్రక్షన్ అనే సంస్థ తీసుకుంది. చరిత్రకారుడు సాలో బారన్ దానికి అధ్యక్షుడు, రాజకీయ తత్వవేత్త హన్నా అరెంట్ కార్యదర్శి. పనికొచ్చేవి ఇజ్రాయెల్‌కీ అమెరికాకీ ఇతర దేశాలకీ పంపారు. బాగుచేయలేనంత నలిగిన వెండిని కరిగించారు. కాపాడడానికి పూనుకున్నవాళ్లే! మొదట చదివినప్పుడు కోపం వచ్చింది. ఆకలితో ఉన్న శరణార్థులు శిబిరాల్లో ఉన్న సమయం అదని గుర్తు చేసుకున్నాక కోపం తగ్గింది, బాధ తగ్గలేదు.

న్యూపోర్ట్ దానిమ్మ పళ్లు

వాడుకలో ఉంచాలా, మ్యూజియంలో పెట్టాలా అన్న ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు లేదు. ఎందుకు లేదో ఒక కోర్టు కేసు వల్ల తెలిసింది.

రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో 1763 నాటి టూరో సినగాగ్ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు న్యూయార్క్ యూదు కంసాలి మైయర్ మైయర్స్ చేసిన ఒక జత రిమ్మోనీం అక్కడి సంఘం దగ్గర ఉండేవి. సంఘం చిన్నది, డబ్బు ఇబ్బంది. మతగురువు రబ్బీ జీతానికీ భవనం సంరక్షణకీ శాశ్వత నిధి కోసం ఆ జతని 74 లక్షల డాలర్లకి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి అమ్మాలనుకుంది. అవి మావి, అమ్మడానికి వీల్లేదని న్యూయార్క్‌లోని షియరిత్ ఇజ్రాయెల్ సంఘం 2012లో అడ్డుపడింది. 2016లో కింది కోర్టు న్యూపోర్ట్ పక్షాన తీర్పిచ్చింది, 2017లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది, 2019లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అమ్మకం ఆగిపోయింది.

యూదు ధర్మశాస్త్రం మిష్నాలో దీనికి దగ్గరి మాట ఒకటి ఉంది. ఊరివాళ్లు ఊరి మైదానం అమ్మితే ఆ డబ్బుతో సినగాగ్ కొనొచ్చు, సినగాగ్ అమ్మితే తోరా ఉంచే మందసం, మందసం అమ్మితే వస్త్రాలు, అలా పైకి వెళ్తూ చివరికి తోరా. వెనక్కి మాత్రం రాకూడదు. పవిత్రతలో ఎక్కడమే గానీ దిగడం లేదు. ఆ లెక్కన వెండి అమ్మి జీతాలివ్వడం దిగడమేనా? మొదట్లో నేను అవునన్నాను. తర్వాత ఆలోచిస్తే, తోరా చదివించే మనిషి లేని సినగాగ్‌లో దానిమ్మ గంటలు ఎవరి కోసం మోగాలి? ఇప్పటికీ నాకు న్యూపోర్ట్ మీదే జాలి ఎక్కువ. కొనేది ఏ కోటీశ్వరుడి బీరువానో అయి ఉంటే వద్దనేదాన్ని. అందరికీ తలుపు తెరిచే మ్యూజియం, ఎవరు చేశారో ఎవరిదో పక్కనే రాసి పెడుతుంది. నా కొలతకి అది నిలుస్తుంది. కోర్టు తేల్చింది సొత్తు ఎవరిదన్న సంగతి. నన్ను వేధించే ప్రశ్న దాని పరిధిలోది కాదు.

పక్కింటావిడ గిన్నె

పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. మొదటిసారి శుక్రవారం భోజనానికి వెళ్లినప్పుడు బల్ల మీద చిన్న వెండి గిన్నె ఉంది. ఒక పక్క సొట్ట, రాత సగం అరిగిపోయింది. వాళ్ల పెద్దలదేమో అనుకుని అడిగాను. కాదంది. పెళ్లైన కొత్తలో వాళ్లాయన పాత సామాను సంతలో కొన్నాడట. దాని మీద ఎవరో ఒకాయన పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయి. ఊరి పేరు లేదు. అమ్మినవాడిని అడిగితే ఒక డబ్బాలో వచ్చిందన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు. ఆ కుటుంబం కోసం వాళ్లాయన ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాల నకళ్లు ఒక ఫైల్లో ఉన్నాయి. గిన్నె ఎక్కడ ఉంటే ఆ ఫైలు అక్కడ, అదే అలమరాలో.

ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకుని, ప్రార్థనకి ముందు ఆ ఇద్దరి పేర్లూ పైకి చదివింది. ప్రతి శుక్రవారం చదువుతుందట. ఇది శాస్త్రంలో ఉన్నది కాదు, ఆవిడ సొంతంగా పెట్టుకున్న అలవాటు. "మీకు కనిపిస్తోందా ఆ రాత?" అని అడిగాను, ఎందుకంటే నాకు గీతలు తప్ప ఏమీ తెలియలేదు. కనిపించడం లేదు, నోటికొచ్చు అంది. ఆవిడ తర్వాత ఎవరు చదువుతారని అడగబోయి ఆగిపోయాను. ఆవిడే, తన మనవడికి ఆ ఫైలు చూపించానని చెప్పింది.

సంక్రాంతి నుంచి వచ్చాక నేను అమ్మకి వీడియో కాల్ చేశాను. బీరువాలో ఇంకా ఏమేం మిగిలాయో తీసి చూపించమన్నాను. "ఇప్పుడెందుకే, మొన్నే కదా మార్చాం" అంటూనే తెచ్చి మంచం మీద పరిచింది. కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి, చిన్న హారతి పళ్లెం. నేను నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాను. ముందు నాయనమ్మ చెంబు గురించి గుర్తున్నంత రాశాను, ఎక్కడ మార్చామో ఏ రోజు మార్చామో కూడా. తర్వాత అమ్మ పళ్లెం వెనక్కి తిప్పి కళ్లజోడు పెట్టుకుంది. "ఇక్కడేదో కొట్టించినట్టుంది, సరిగ్గా కనపట్టంలేదు" అంది. లైటు కిందికి తీసుకెళ్లు, ఒక్కో అక్షరం చెప్పు అన్నాను.

"వే..." అంది. "వేం... ఆగు, తుడవనీ."

"తుడవకమ్మా, అలాగే చదువు" అన్నాను.